పాలమూరు మీదుగా ఒక వంపు గీత

తూర్పు రేఖాంశం 77 డిగ్రీల 40 నిమిషాల దగ్గర దక్షిణం నుంచి ఉత్తరానికి గీత గీస్తే, అది జూరాల ప్రాజెక్టుకు కాస్త అటూ ఇటూగా కృష్ణ దాటుతుంది. మక్తల్‌ను ఎడమ చేతి వైపు వదిలి, కోస్గి పక్కనుంచి కొడంగల్ చేరి, బీదర్ వైపు సాగుతుంది. 19వ శతాబ్దం మొదట్లో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్లు ఇంచుమించు ఈ గీత వెంటే గుట్ట నుంచి గుట్టకు త్రిభుజాలు అల్లుకుంటూ వెళ్లారు. కన్యాకుమారి దగ్గర మొదలై చివరికి హిమాలయాల పాదాల దాకా పోయిన ఆ గొలుసుకు గ్రేట్ ఆర్క్ అని పేరు. దారులు, కోటలు, ఊళ్లు పటంలోకి ఎక్కించడం కంపెనీకి కావలసిన పని. ఆ పని నడిపిన విలియం లాంబ్టన్‌కు కావలసింది మరొకటి కూడా ఉంది. భూమి ఎంత వంగి ఉందో, ఆ వంపు అన్ని చోట్లా ఒకటేనో కాదో తేల్చాలన్నది ఆయన పట్టుదల.

లాంబ్టన్ 1802 ఏప్రిల్‌లో మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ల ఆధార రేఖ కొలవడంతో పని మొదలైంది. కొలిచింది 100 అడుగుల ఉక్కు గొలుసుతో. చైనా చక్రవర్తికి కానుకగా వెళ్లి, అక్కడ ఆదరణ లేక తిరిగొచ్చిన గొలుసు అది. ఎండకు ఉక్కు సాగుతుంది. ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడి పెరిగితే 100 అడుగుల గొలుసు అంగుళంలో వెయ్యింట ఏడెనిమిది వంతులు పెరుగుతుంది. అంతమాత్రం తేడాను కూడా ఉష్ణమాపకం చూసి సరిదిద్దుకుంటూ కొలిచారు. ఆధార రేఖ ఒక్కటి పక్కాగా తెలిస్తే ఆ తర్వాత గొలుసు నేల మీద పరవనక్కర లేదు. రెండు కొనల నుంచి దూరపు గుట్ట మీది జెండాను చూసి కోణాలు తీస్తే చాలు, మిగిలిన భుజాలు లెక్కలో వస్తాయి. ఆ భుజాలే తర్వాతి త్రిభుజాలకు ఆధారాలు. కోణాలు తీసే గ్రేట్ థియోడొలైట్ అర టన్ను బరువుండేది. అది ఇండియాకు వస్తుంటే దారిలో ఫ్రెంచివాళ్లు పట్టుకుని మారిషస్‌కు తీసుకుపోయారు. తీరా అది శాస్త్ర పరికరమని తెలిశాక మర్యాదగా పంపేశారు. యుద్ధాల మధ్య ఇలాంటి మర్యాదలు కూడా చెల్లుబాటైన రోజులు అవి.

1811లో గుత్తి దగ్గర నామ్‌తాబాద్‌లో ఒక ఆధార రేఖ, 1815లో బీదర్ దగ్గర దామరగిద్దలో మరొకటి కొలిచారు. ఈ రెంటి నడుమ ఉన్నదే పాలమూరు మెట్ట. నారాయణపేట జిల్లాలోని దామరగిద్ద మండలం వేరు, ఈ దామరగిద్ద వేరు. పేర్లు కలవడం వల్ల స్థానిక రచనల్లో ఒకదాన్ని మరొకటిగా పొరబడే వీలుంది గనుక ఈ మాట చెప్పాల్సి వస్తోంది. సర్వే దామరగిద్ద అక్షాంశం 18 డిగ్రీల 3 నిమిషాలు. మండల కేంద్రం దానికి డిగ్రీకి పైగా దక్షిణాన ఉంది. అప్పటికి పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరే లేదు, అది 1890లో వచ్చింది. తుంగభద్ర దాటితే సికందర్ జా ఏలుబడిలోని నిజాం రాజ్యం, అందులో గద్వాల, వనపర్తి లాంటి సంస్థానాలు. గ్రానైట్ గుట్టలు, వాటి నడుమ చదునైన మెట్ట పొలాలు, చెరువులు ఉన్న ఆ నేల త్రిభుజాల పనికి అనువైనదే. నేల మట్టానికి 100 మీటర్ల ఎత్తున్న గుట్ట మీద నిలబడితే దిగంతం సుమారు 36 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అంతే ఎత్తున్న రెండు గుట్టలు 70 కిలోమీటర్ల ఎడంలో ఉన్నా, ఏదీ అడ్డం రాకపోతే ఒకదాన్నుంచి మరొకటి కనబడతాయి. కనబడకపోతే తప్పు కంటిది కాదు, మధ్యలో ఉబ్బిన భూమిది.

సర్వేయర్లకు తోడుగా జెండాలు మోసే ఖలాసీలు, రాళ్లు పేర్చి గురుతులు కట్టే కూలీలు, కాపలా సిపాయిలు ఉండేవారు. నీళ్లకూ తిండికీ ఊళ్ల మీదే ఆధారం. ఎండాకాలం పగటి పూట పని సాగదు. వేడెక్కిన రాతి నేల మీద గాలి కదులుతుంటే దూరపు జెండా నీళ్లలో నీడలా వణుకుతుంది. అందుకే వానలు పడి గాలి కడిగినట్టయ్యే రోజుల కోసం కాచుకునేవారు. ఆ రోజుల్లోనే వాగులు పొంగుతాయి, కృష్ణ దాటాలంటే పుట్టి తప్ప దిక్కుండదు, అడవుల్లో జ్వరాలు మొదలవుతాయి. గాలి బాగుంటే ఒళ్లు బాగుండదన్నట్టు ఉండేది వాళ్ల బతుకు.

ఈ దెబ్బ గట్టిగా తగిలింది జార్జ్ ఎవరెస్ట్‌కు. 1818 జనవరిలో సర్వే మద్రాసు ప్రభుత్వం చేతి నుంచి గవర్నర్ జనరల్ చేతికి మారి గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వే అయింది. ఎవరెస్ట్ హైదరాబాదులో లాంబ్టన్‌కు ముఖ్య సహాయకుడిగా చేరాడు. ఆయనకు అప్పగించిన మొదటి పని 1819 వానాకాలంలో కృష్ణా గోదావరుల మధ్య దేశాన్ని త్రిభుజాలతో నింపడం. నల్లగొండ సీమ ఉన్నది ఆ రెండు నదుల నడుమనే. పొంగిన మూసీ, ఎదురు తిరిగిన కాపలావాళ్లు, ఆ తర్వాత తూర్పు అడవుల్లో విషజ్వరం. నాలుగైదు రోజుల్లో దాదాపు 150 మంది మంచం పట్టారు. అందరినీ హైదరాబాదుకు మోసుకు రావలసి వచ్చింది. ఎవరెస్ట్ కోలుకోవడానికి 1820లో కేప్ ఆఫ్ గుడ్ హోప్ వెళ్లాడు. శిఖరానికి ఎక్కిన ఆయన పేరు లోకమంతా తెలుసు. ఆ పేరుగల మనిషికి ఈ సర్వేలో బతుకు మొదలైంది తెలంగాణ బురదలో, జ్వరంలో అన్నది తెలుగు పాఠ్యపుస్తకాలు చెప్పవలసిన సంగతి.

ఇంత కష్టపడి తీసిన త్రిభుజాల లెక్కలో ఒక చిక్కుంది. బడిలో చెప్పే త్రిభుజం మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలు. కొడంగల్ చుట్టుపట్ల ఒక్కో భుజం 48 కిలోమీటర్లుండే త్రిభుజాన్ని గుట్టల మీద కొలిస్తే, మొత్తం 180 డిగ్రీల మీద సుమారు 5 సెకన్లు ఎక్కువ వస్తుంది. అది పరికరం తప్పు కాదు. భూమి గోళమైనందుకు త్రిభుజం వైశాల్యంలో ప్రతి 197 చదరపు కిలోమీటర్లకు ఒక సెకను చొప్పున కోణాల మొత్తం పెరుగుతుంది. దీన్ని గోళీయాధిక్యం అంటారు. ఒక సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు. గ్రేట్ థియోడొలైట్ పట్టుకోగలిగిన సూక్ష్మత ఆ స్థాయిదే గనుక 5 సెకన్లను వదిలేస్తే పదుల కొద్దీ త్రిభుజాలు దాటేసరికి లెక్క తప్పుతుంది. సర్వేయర్లకు రెండు దారులుండేవి. వంపు చాపాల బదులు వాటి జ్యాల మధ్య కోణాలు తీసుకోవడం ఒకటి. లెజాండ్ర 1787లో ఇచ్చిన సూత్రం రెండోది: ఆధిక్యాన్ని మూడు సమాన భాగాలు చేసి ఒక్కో కోణంలోంచి ఒక్కో భాగం తీసేస్తే, మిగిలిన దాన్ని సమతల త్రిభుజంగా లెక్కవేసుకోవచ్చు.

దామరగిద్ద ఆధార రేఖ కొలిచిన కొన్నేళ్లకే, ఇదే పని జర్మనీలో కార్ల్ ఫ్రీడ్రిష్ గౌస్ నెత్తిన పడింది. హానోవర్ రాజ్యాన్ని త్రిభుజీకరించే బాధ్యత మోస్తూ ఆయన కూడా కొండలెక్కాడు. ఎండను అద్దంతో దూరపు కొండకు మళ్లించే హీలియోట్రోప్‌ను 1821లో కనిపెట్టాడు. 1830ల్లో ఎవరెస్ట్ ఉత్తరాది మైదానాల్లో ఈ సాధనాన్నే వాడుకున్నాడు. గౌస్ కొలిచిన పెద్ద త్రిభుజం బ్రోకెన్, హోహెన్‌హాగెన్, ఇన్సెల్స్‌బెర్గ్ శిఖరాల మధ్యది. దాని అతి పొడవైన భుజం 107 కిలోమీటర్లు, ఆధిక్యం దాదాపు 14.85 సెకన్లు. 1827లో ఆయన గొట్టింగెన్ శాస్త్ర పరిషత్తుకు సమర్పించిన వక్రతలాల గ్రంథం చివర ఈ త్రిభుజమే ఉదాహరణగా వస్తుంది. లెజాండ్ర సూత్రం గోళానికే. అన్ని చోట్లా ఒకే వంపు లేని తలం మీద మూడు సమాన భాగాలు సరిపోవని గౌస్ చూపాడు. తన త్రిభుజానికి సవరణలు వేసి చూస్తే 4.95104, 4.95113, 4.95131 సెకన్లు వచ్చాయి. తేడా పదివేల వంతుల్లో ఉంది, అంటే ఏ పరికరానికీ అందనిది. సర్వేయరుకు దాంతో పనిలేదు, గణితానికి మాత్రం దాంట్లోంచి ఒక కొత్త శాఖ పుట్టింది.

ఆ గ్రంథంలోని అసలు సంగతి ఇది. పుచ్చకాయ డొప్పను చిరగకుండా, సాగకుండా నేల మీద చదునుగా పరవలేం, చుట్టిన కాగితాన్ని పరవగలం. డొప్పకు ఉన్న ఆ మొండితనాన్ని ఒక సంఖ్యతో కొలవవచ్చు. ఆ సంఖ్యే వక్రత. దాన్ని తెలుసుకోవడానికి తలం బయటికి వెళ్లి చూడనక్కర లేదు, తలం మీదే దూరాలూ కోణాలూ కొలిస్తే చాలునని గౌస్ నిరూపించాడు. త్రిభుజంలో కోణాల ఆధిక్యమంటే ఆ త్రిభుజం లోపలి వక్రత మొత్తమే. కొడంగల్ గుట్ట మీద కోణాలు తీసిన మనిషి భూమిని పైనుంచి చూడలేదు. అయినా ఆయన చేతి పుస్తకంలోని అంకెల్లో భూమి వంపు ఉంది. గౌస్ సిద్ధాంతం వచ్చేనాటికి లాంబ్టన్ లేడు. 1823 జనవరి 20న నాగపూర్ వెళ్తూ దారిలో హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు.

ఆయన ఫలితాల సారం 1818లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. కన్యాకుమారి దగ్గరి పున్నై నుంచి దామరగిద్ద దాకా 9 డిగ్రీల 53 నిమిషాల 45 సెకన్ల చాపం అది. నడినెత్తి మీదికొచ్చే నక్షత్రాలను జెనిత్ సెక్టర్‌తో చూసి అక్షాంశాలు తీశారు, త్రిభుజాలతో దూరం తీశారు. ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే ఒక డిగ్రీ పొడవు వస్తుంది. ఆరడుగుల బారల్లో చెబితే, 9 డిగ్రీల 34 నిమిషాల అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ 60,473 బారలు. 13 డిగ్రీల 3 నిమిషాల దగ్గర 60,488. 16 డిగ్రీల 35 నిమిషాల దగ్గర 60,513. ఈ చివరిది నామ్‌తాబాద్, దామరగిద్దల మధ్య తేలిన విలువ. దాని నడిబొడ్డు కచ్చితంగా పాలమూరు మెట్ట. మీటర్లలోకి మారిస్తే 110,666 వస్తుంది. నేటి ఉపగ్రహ కొలతల దీర్ఘవృత్తజం (ధ్రువాల దగ్గర నొక్కిన గోళం) అదే అక్షాంశానికి ఇచ్చే విలువ 110,665. గొలుసుతో, జెండాలతో తీసిన లెక్క ఇంత దగ్గరగా రావడంలో అదృష్టం పాలు కూడా ఉంది, ఎందుకంటే దక్షిణపు రెండు విలువలూ పదేసి మీటర్లు తక్కువగా ఉన్నాయి. అయినా ధోరణి స్పష్టం. ఉత్తరానికి పోయేకొద్దీ డిగ్రీ పొడవవుతోంది, అంటే భూమి వంపు సడలుతోంది. తమిళ దేశం అడుగు నుంచి తెలంగాణ దాకా 40 బారలు, అంటే 240 అడుగుల తేడా. ధ్రువాల దగ్గర భూమి నొక్కుకుపోయి ఉందన్న న్యూటన్ మాటకు అది దక్కను సాక్ష్యం.

1830లో ఎవరెస్ట్ ఈ కొలతలతో, యూరప్ చాపాలతో కలిపి భూమికి ఒక దీర్ఘవృత్తజాన్ని నిర్ణయించాడు. భూమధ్య వ్యాసార్ధం 20,922,932 అడుగులు, చదునుదనం 300.8లో ఒక వంతు. భారతీయ పటాలన్నీ ఆ ఆకారం మీదే గీశారు. 1841లో ఆండ్రూ వా, ఇనుము ఇత్తడి జంట కడ్డీలతో బీదర్ ఆధార రేఖను మళ్లీ కొలిచి పాత గొలుసు లెక్కను పక్కన పెట్టించాడు.

ఆకారం తేలాక తర్వాతి ప్రశ్న: ఇలాంటి తలం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి ఏది? దీన్ని జియోడెసిక్ అంటారు. మహబూబ్‌నగర్‌లో సరిగ్గా తూర్పుకు తిరిగి, ఎటూ మళ్లకుండా నేరుగా పోతే అక్షాంశ రేఖ మీదే ఉంటామనిపిస్తుంది. అలా జరగదు. నల్లగొండ రేఖాంశం చేరేసరికి ఆ అక్షాంశానికి దాదాపు 430 మీటర్లు దక్షిణాన తేలతాం. భ్రమణాక్షం చుట్టూ సమంగా ఉన్న తలం మీద ఈ దారులకు ఒక నియమం ఉందని 18వ శతాబ్దంలో క్లెయిరో గమనించాడు. దారి మీద ఏ చోటైనా అక్షం నుంచి దూరాన్ని, ఉత్తర దిక్కుతో దారి చేసే కోణం సైన్‌తో గుణిస్తే వచ్చే లబ్ధం మారదు. కదిలే వస్తువు వెంట మారకుండా నిలిచే ఇలాంటి రాశులు చాలినన్ని దొరికితే, దాని దారిని సమాకలనాలతో పూర్తిగా రాసేయవచ్చు. గణితంలో వీటిని సమాకలనీయ వ్యవస్థలంటారు. ఎక్కువ వ్యవస్థలకు ఈ భాగ్యం ఉండదు.

భూమధ్య రేఖ కూడా పూర్తి వృత్తం కాకపోతే? మూడు అక్షాలూ మూడు పొడవులైతే క్లెయిరో నియమం చెల్లదు. అలాంటి దీర్ఘవృత్తజం మీద కూడా మరో స్థిర రాశి దాగి ఉందని కార్ల్ యాకోబీ కనిపెట్టాడు. ఆ సంగతి 1838 డిసెంబరు 28న బెసెల్‌కు ఉత్తరం రాశాడు. బెసెల్ స్వయంగా సర్వే చేసినవాడు కావడం కాకతాళీయం కాదు, ఆ రోజుల్లో ఈ గణితానికి గిరాకీ సర్వే నుంచే వచ్చింది. యాకోబీ సమాకలనాలు మామూలు ప్రమేయాలతో తేలవు. వాటిని సంకీర్ణ సంఖ్యల లోకంలోకి తీసుకెళ్లి, రెండు రంధ్రాలున్న రీమాన్ తలం మీద చూస్తేనే తీరు తెలుస్తుంది. వయర్‌స్ట్రాస్ 1861లో జవాబును థీటా ప్రమేయాల్లో రాశాడు. మూడక్షాల భూమి ఊహ కాదు. ఇంగ్లండులో అలెగ్జాండర్ క్లార్క్ 1861లో ఇండియా చాపాన్ని కూడా కలుపుకుని సరిగ్గా అలాంటి ఆకారాన్నే లెక్కగట్టాడు. ఆ నమూనా సర్వేలో నిలవలేదు. యాకోబీ లెక్క మాత్రం నిలిచింది. 1980 ప్రాంతంలో యూర్గెన్ మోజర్ దాన్ని మాత్రికల ఐగెన్ విలువలకు ముడిపెట్టడంతో సమాకలనీయ వ్యవస్థల అధ్యయనంలో అది మళ్లీ ముందుకొచ్చింది.

మళ్లీ 19వ శతాబ్దానికి వస్తే, కొడంగల్‌కు మరో పరికరం వచ్చింది. జేమ్స్ బాసెవి 1865 నుంచి గ్రేట్ ఆర్క్ స్థానాల్లో ఇత్తడి లోలకాలు ఊపి గురుత్వం కొలిచాడు. వాటిలో నామ్‌తాబాద్, కొడంగల్, దామరగిద్ద మూడూ ఉన్నాయి. తాపీ మేస్త్రీ గుండు తాడు నిలువుగా వేలాడుతుందని నమ్మకం. దగ్గర్లో కొండల బరువు ఎక్కువైనా, నేల అడుగు రాయి తేలికైనా ఆ తాడు సెకన్ల మేర వాలుతుంది, దాంతో నక్షత్రాల వల్ల తీసిన అక్షాంశమూ తప్పుతుంది. హిమాలయాల దగ్గర ఇది లెక్కలను ఇబ్బంది పెట్టింది. ఎందుకో తేల్చడానికి గట్టి పాత రాయి మీదున్న దక్కను స్థానాలు పోలికకు అక్కరకొచ్చాయి. బాసెవి 1871లో లడఖ్ ఎత్తుల్లో పనిలోనే కన్నుమూశాడు. కొడంగల్ అప్పట్లో గుల్బర్గా వైపు ఉండేది. 1956లో మహబూబ్‌నగర్ జిల్లాలో కలిసి, 2016లో వికారాబాద్‌కు మారింది.

పాలమూరు రైతుకు ఎదురైన సర్వే ఇది కాదు. 1870ల తర్వాత నిజాం ప్రభుత్వం బొంబాయి పద్ధతిలో చేయించిన భూమి సర్వే అది. 33 అడుగుల గొలుసు, ఆ గొలుసు చదరం ఒక గుంట, 40 గుంటలు ఒక ఎకరం. సేత్వార్, టిప్పన్ కాగితాలు ఆ కొలతలవే. గుంట లెక్కలో భూమి చదును. ఒక్క ఊరికి అది తప్పేమీ కాదు, ఊరంత వైశాల్యంలో ఆధిక్యం సెకనులో చిన్న భిన్నం. ఊళ్ల పటాలన్నీ అతికించి జిల్లా, జిల్లాలు అతికించి రాష్ట్రం చేయాలనుకున్నప్పుడే వంపు తలెత్తుతుంది.

వంపు తలాన్ని కాగితం మీదికి దించడంలో దూరాలు చెడక తప్పదని గౌస్ సిద్ధాంతమే చెబుతుంది. కోణాలను మాత్రం కాపాడుకోవచ్చు. లాంబెర్ట్ 1772లో అలాంటి శంకు ప్రక్షేపం ఇచ్చాడు. కోణాలు చెడని పటాలన్నింటినీ సంకీర్ణ ప్రమేయాలతో రాయవచ్చని గౌస్ 1825లో అచ్చయిన వ్యాసంలో చూపాడు, 1851లో రీమాన్ ఆ దారినే సంకీర్ణ విశ్లేషణకు పునాది చేశాడు. అవకలజం సున్నా కాని చోట సంకీర్ణ ప్రమేయం చిన్న బొమ్మను తిప్పుతుంది, పెంచుతుంది, కోణం మాత్రం మార్చదు. అక్షాంశాన్ని తగినట్టు సాగదీసి, రేఖాంశాన్ని దాని కల్పిత భాగంగా పెడితే మెర్కేటర్ పటం వస్తుంది. దాన్నే ఘాతాంక ప్రమేయంలోకి పంపితే లాంబెర్ట్ శంకువు వస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా గ్రిడ్డుల్లో తెలంగాణ పడే మూడో ఎ మండలానికి మూలం 19 డిగ్రీల అక్షాంశం, 80 డిగ్రీల రేఖాంశం. ఆ గ్రిడ్డు మీద గద్వాలలో కాగితపు ఉత్తరానికీ నిజమైన ఉత్తరానికీ దాదాపు 43 నిమిషాల తేడా ఉంటుంది.

2005 జాతీయ పటాల విధానం తర్వాత అందరికీ ఇచ్చే పటాలు ఎవరెస్ట్ ఆకారాన్ని వదిలి, ఉపగ్రహాల దీర్ఘవృత్తజానికీ అడ్డ మెర్కేటర్ గ్రిడ్డుకూ మారాయి. గౌస్ హానోవర్ కోసం తయారుచేసుకున్న ప్రక్షేపమే ఇది, దీని లెక్క ఇప్పటికీ సంకీర్ణ శ్రేణులతోనే నడుస్తుంది. ఈ గ్రిడ్డులో ఆరేసి డిగ్రీల పట్టీలుంటాయి. 43వ పట్టీ 78వ రేఖాంశం దగ్గర ముగిసి 44వది మొదలవుతుంది. మహబూబ్‌నగర్ పట్టణం సరిగ్గా ఆ గీత మీద కూర్చుంది. గద్వాల, నారాయణపేట ఒక పట్టీలో, నల్లగొండ మరో పట్టీలో పడ్డాయి. హద్దు దగ్గర పటం మీది కిలోమీటరు నేల మీది దానికంటే సుమారు 86 సెంటీమీటర్లు ఎక్కువ, రెండు పట్టీల ఉత్తర దిక్కుల మధ్య తేడా 1.7 డిగ్రీలు. పాత మహబూబ్‌నగర్ జిల్లా మొత్తాన్ని ఒకే పటంగా గీయాలంటే ఒక పట్టీని హద్దు దాటించి పొడిగించాలి, లేదా నడుమ రేఖాంశాన్ని మార్చి కొత్త గ్రిడ్డు వేసుకోవాలి.